గంటకొకటి అమ్ముడైతే చాలా? చేతికుట్టు తోలు వస్తువులతో మొదటి ట్రేడ్ షో

కొత్తసూది:

వచ్చే నెలలో మూడు రోజుల ట్రేడ్ షో ఉంది. స్టాల్ పెట్టడం నాకు ఇదే మొదలు. చేత్తో కుట్టిన తోలు వస్తువులు: కార్డు పర్సు, మడత పర్సు, నోట్‌బుక్ అట్ట, తాళాలకి తగిలించే పట్టీ. స్టాల్ 3 మీటర్లు × 3 మీటర్లు, మూడు వైపులా గోడ, ముందు నడవ. ఒక టేబుల్, రెండు కుర్చీలు, ఒక ప్లగ్ పాయింట్ ఇస్తామన్నారు. రోజుకి 8 గంటలు. దుకాణాల తరఫున కొనేవాళ్లూ వస్తారు, మామూలు జనమూ వస్తారు.

ఎవరిని అడిగినా "పాజిటివ్‌గా ఉండు, నవ్వుతూ ఉండు" అంటున్నారు. అది ఎలాగో మాత్రం చెప్పరు. గంటసేపు బోణీ కాకపోతే నా మొహం వాడిపోతుంది, అది వచ్చేవాళ్లకి కనిపించిపోతుంది. ధర చెప్పేటప్పుడు గొంతు లోపలికి పోతుంది. బేరమాడితే వెంటనే తగ్గించేస్తాను. కార్డు పర్సుకి 450 పెట్టాను. గంట పని, తోలు 100 దాకా అవుతుంది. షో ఖర్చు అద్దె, కరెంటు, రవాణా, బస అన్నీ కలిపి 12,000. ఎన్ని తీసుకెళ్లాలి, ఎలా పేర్చాలి, ఎలా మాట్లాడాలి? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

లెక్కలపద్దు:

మొహం సంగతి తర్వాత, ముందు ఆ 450 సంగతి చూద్దాం. గొంతు లోపలికి పోతున్నది అక్కడే.

తోలు 100. మీ గంటకి 200 వేసుకుందాం. దారం, మైనం, జిగురు, అరిగిన బ్లేళ్లు, తరుగు పోయిన తోలు, పెట్టె, కరెంటు కలిపి పర్సుకి 40. మొత్తం 340. 450కి అమ్మితే మిగిలేది 110. షో ఖర్చు 12,000ని దాంతో భాగించండి: 110 పర్సులు పోతేగాని స్టాల్ డబ్బు తిరిగి రాదు. మూడు రోజులకీ కలిపి ఉన్నది 24 గంటలు, అంటే 13 నిమిషాలకో పర్సు. ఒక్కరే ఉన్న స్టాల్లో బిల్లు రాసి, సంచిలో పెట్టి, చిల్లర ఇచ్చేసరికే అయిదారు నిమిషాలు పడుతుంది. ఈ లెక్క కాగితం మీద వేయకపోయినా లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంటుంది. పది నిమిషాలు ఎవరూ రాకపోతే గుండె జారేది అందుకే. దానికి నవ్వు మందు కాదు.

ధరని అడుగు నుంచి కట్టుకు రండి. ఖర్చు 340. దాని మీద పావు వంతు లాభం వేస్తే 425, అది దుకాణాలకిచ్చే టోకు ధర. దుకాణం వాళ్లు సాధారణంగా దానికి రెట్టింపు పెట్టి అమ్ముకుంటారు, కాబట్టి చిల్లర ధర 850. మీ స్టాల్ దగ్గర విడిగా కొనేవాళ్లకీ 850యే. మీరే తక్కువకి అమ్ముతున్నారని తెలిస్తే ఏ దుకాణమూ మీ సరుకు పెట్టుకోదు. 850 దగ్గర మీకు మిగిలేది 510. అప్పుడు 12,000కి కావలసినవి 24 పర్సులు. రోజుకి ఎనిమిది, గంటకి ఒకటి.

గంటకొకటి అంటే, అమ్మకానికి ఆరు నిమిషాలు పోను మిగతా యాభై నాలుగు నిమిషాలూ జనం చూసి వెళ్లిపోతూనే ఉంటారు. అది చెడ్డ గంట అనుకోకండి, మీరు వేసుకున్న లెక్క ప్రకారం నడిచిన గంటే. ఆ అంకె చీటీ మీద రాసి గల్లాపెట్టె మూతకి లోపలివైపు అంటించుకోండి. మధ్యాహ్నం మూడింటికి మనసు చివుక్కుమన్నప్పుడు తీసి చూసుకోవడానికి అంతకన్నా పాజిటివ్ మాట నాకు తెలియదు.

850కి ఎవరు కొంటారని అనిపిస్తే ధర కోయకండి, పనిగంట కోయండి. కుట్టు దూరం 3 మిల్లీమీటర్ల నుంచి 4కి మార్చితే 30 సెంటీమీటర్ల కుట్టుగీతలో 100 రంధ్రాలు 75కి దిగుతాయి, చూపుకి పెద్ద తేడా ఉండదు. ఒక్కో పర్సూ మొదటి నుంచి చివరిదాకా చేయకుండా పది ఒకేసారి కోసి, పదింటికీ జిగురు పెట్టి, పదింటి అంచులూ ఒకేసారి రుద్దండి. గంట పని 40 నిమిషాలకి వస్తే కూలి 133, ఖర్చు 273, టోకు 341, చిల్లర 680 దగ్గర పడుతుంది. ఇవన్నీ లెక్క చూపడానికి వేసిన అంకెలు, మీ కూలి మీరు వేసుకోండి.

టోకులో పర్సుకి మిగిలేది 85 మాత్రమేనని మరిచిపోకండి. 12,000 అక్కడే రాబట్టాలంటే 142 పర్సులు కావాలి. కాబట్టి స్టాల్ అద్దె చిల్లర అమ్మకంతో తీరాలి. టోకు ఆర్డర్ల ఫలం అదే దుకాణం రెండోసారి, మూడోసారి తెప్పించుకున్నప్పుడు కనిపిస్తుంది. ఈ రెండు ఆశల్నీ కలిపేస్తే మూడు రోజులూ నిరాశే.

సరుకు: లక్ష్యం 24 అయితే 55 ముక్కలు చాలు. కార్డు పర్సులు 30, మడత పర్సులు 15, నోట్‌బుక్ అట్టలు 10. ఇవి కాక తరుగు తోలుతో చేసిన పట్టీలు 30. రంగులు రెండు, మహా అయితే మూడు. ఆరు రంగులు పెడితే 30 పర్సులూ రంగుకి అయిదు చొప్పున విడిపోతాయి, అందరూ అడిగే రంగు మొదటి రోజే అయిపోయి మిగతావి మొహమొహాలు చూసుకుంటాయి.

సాన:

పై లెక్కకి తోడు ఇంకో కాగితం పెట్టుకోండి. నాలుగు నిలువు గళ్లు: ఆగినవాళ్లు, చేత్తో పట్టుకున్నవాళ్లు, అడిగినవాళ్లు, కొన్నవాళ్లు. గంటకో వరస. ఒక్కో మనిషికి ఒక్కో గీత. మీ మనసు ఎలా ఉందన్నది పక్కన పెట్టి ఈ గీతలు చదవండి, ఎక్కడ తెగుతోందో అవే చెబుతాయి.

జనం అసలు ఆగకపోతే లోపం వెలుతురులోనో, ఎత్తులోనో, బోర్డులోనో ఉంది. ఆగి ముట్టుకోకుండా వెళ్లిపోతుంటే సరుకుని మరీ మ్యూజియంలా పేర్చారు. పట్టుకుని ఏమీ అడగకుండా పెట్టేస్తుంటే ధర చీటీ కనబడటం లేదు. ధర అడగడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది, అడగరు, జారుకుంటారు. అడిగినవాళ్లు కొనకపోతే అప్పుడు చూడాల్సింది ధర, చెల్లించే పద్ధతి, మీ మాట. రెండు గంటల గీతలు పోగయ్యేదాకా ఏదీ మార్చకండి. తెరిచిన మొదటి గంట లెక్కలోకి రాదు, జనం అప్పుడు దారి చూసుకుంటుంటారు. మార్చేటప్పుడు కూడా ఒక్కసారికి ఒక్కటే, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ఇక పేర్చడం. తోలు పర్సు టేబుల్ మీద పడుకోబెడితే రెండు మీటర్ల దూరం నుంచి గోధుమరంగు బిళ్ల, అంతే. చెక్కపలకలో గాడి కోసి 60, 70 డిగ్రీల వాలులో నిలబెట్టండి. ఒకటి తెరిచి, లోపల ఖాళీ కార్డులు దూర్చి పెట్టండి, ఎన్ని పడతాయో మీరు చెప్పక్కర్లేదు. రెండేళ్లు వాడి నిగనిగలాడుతున్న పాత పర్సు ఉంటే "అమ్మకానికి కాదు" అని చీటీ కట్టి కొత్తదాని పక్కనే పెట్టండి. వెజ్ టాన్ తోలు (చెట్ల బెరడు లాంటివాటితో పదును చేసినది) చేతి జిడ్డుకీ వెలుతురికీ రంగు ముదురుతుందని వంద మాటల్లో చెప్పినా నమ్మరు, జతగా చూస్తే నమ్ముతారు. అదే కారణంగా కిటికీ ఎండ పడే చోట కొత్త సరుకు పెట్టకండి. చీటీ కప్పినంత మేర లేతగా మిగిలి చుట్టూ ముదిరితే ఆ ముక్క పోయినట్టే.

వాళ్లిచ్చే టేబుల్ ఎత్తు మామూలుగా 75 సెంటీమీటర్లు ఉంటుంది. అది కూర్చుని తినడానికి కొలిచిన ఎత్తు. నిలబడి చూసేవాళ్లకి 90 నుంచి 95 కావాలి. 20 సెంటీమీటర్ల చెక్కదిమ్మెలు నాలుగు చేయించి, ఒక్కోదానిలో టేబుల్ కాలు దిగేలా 4 సెంటీమీటర్ల లోతు గుంట తొలిపించండి. 16 పెరుగుతుంది, 91కి వస్తుంది. గుంట లేకుండా ఉత్త దిమ్మె మీద కాలు పెడితే ఎవరైనా ఆనుకోగానే జారుతుంది. దానిమీద మీ బరువంతా వేసి చూశాకే సరుకు పేర్చండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే కాలికింద పెట్టడానికి అట్టముక్కలు కూడా తీసుకెళ్లండి.

వెలుతురు గురించి చాలామంది చివర్న ఆలోచిస్తారు. నల్ల తోలూ ముదురు గోధుమ తోలూ వెలుతురిని తాగేస్తాయి. 3000 నుంచి 3500 కెల్విన్ (వెలుతురు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు) ఎల్ఈడీ, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నవి తీసుకోండి. 6000 కెల్విన్ తెల్ల లైటు కింద గోధుమరంగు బూడిదలా కనిపిస్తుంది. లైటు నెత్తిమీద నుంచి నిట్టనిలువుగా కాకుండా ముందు పైనుంచి వాలుగా పడాలి. అప్పుడు ప్రతి కుట్టు పక్కనా సన్నని నీడ పడి చేతికుట్టు లేచి కనిపిస్తుంది. లైటు బిగించాక నడవలోకి వెళ్లి నిలబడి చూడండి, కళ్లలో కొడుతుంటే కోణం మార్చండి. టేబుల్ గుడ్డ లేత రంగుది, నేలదాకా జారేది, కింద పెట్టెలు కనబడనిది.

ఒక్క టేబుల్‌ని నడవకి అడ్డంగా గోడలా వేయకండి. ఇంకో బల్ల కలిపి ఎల్ ఆకారంలో వేసి ఒక పక్క 1.2 మీటర్లు దారి వదలండి.

ఇత్తడిగుండీ:

సాన గారి ఆఖరి మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఎల్ ఆకారం దుప్పట్లకీ, దీపాలకీ, పటాలకీ బాగుంటుంది. అరచేతిలో ఇమిడే వస్తువుకి 3 మీటర్ల స్టాల్లోకి అడుగుపెట్టాలంటే జనం జంకుతారు. లోపలికి వెళ్తే కొనకుండా బయటికి రావడం కష్టమన్న మొహమాటం. చిన్న సరుకు నడవ అంచునే ఉండాలి, నడుస్తూ నడుస్తూ చెయ్యి పెట్టగలగాలి. టేబుల్ ముందుకే వేసి ఒక పక్క 80 సెంటీమీటర్లు వదిలితే చాలు, ఆ దారి మాట్లాడి ఆర్డర్ రాయించుకునే దుకాణాల వాళ్లకి. ఖరీదైన మడత పర్సులు మాత్రం మీ చేతికందే వరసలో పెట్టండి, అంచున ఉన్నవి జేబులోకి జారిపోవడం తేలిక.

ఇచ్చిన కుర్చీలు వెనక్కి నెట్టేయండి. కుర్చీలో కూర్చున్నవాళ్ల కళ్లు నడిచేవాళ్ల కళ్లకన్నా బాగా కిందికి ఉంటాయి. ఎత్తు స్టూలు, కాళ్లకింద మెత్తటి మ్యాటు. మూడో రోజు చిరాకు సగం అరికాళ్ల నుంచే వస్తుంది.

మైనందారం:

మాట్లాడటం గురించి నేను చెబుతాను.

"ఏం కావాలండీ?" అని అడగకండి. "ఊరికే చూస్తున్నాం" అనేది దానికి రెడీమేడ్ జవాబు, అది అన్నాక కొనడానికి వాళ్లకే చిన్నతనం. ప్రశ్న వద్దు, చేతిలో ఉన్నదాని గురించి ఒక నిజం చెప్పండి. పర్సు పట్టుకున్న మనిషితో: "ఆ కుట్టు ఒకే దారంతో, రెండు సూదులతో వేసిందండీ. ప్రతి రంధ్రంలోంచీ దారం రెండుసార్లు వెళ్తుంది. ఒక చోట తెగినా పక్క కుట్లు ఊడిరావు." అని ఆపేయండి. పది సెకన్లు నోరు మెదపకండి. వాళ్లు గోటితో కుట్టు మీద గీరి చూస్తారు, వేలితో అంచు తడుముతారు. ఆ పది సెకన్లు మీకు నిమిషంలా అనిపిస్తాయి, భరించండి. మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి మెలిపెట్టుకుని ఉంటాయి, ఒకటి తెగితే వరస వదులవుతుంది. అడిగితేనే ఆ తేడా చెప్పండి, ఉపన్యాసం ఇవ్వకండి.

ధర చెప్పడం ఇంట్లో సాధన చేయాల్సిన పని. అద్దం ముందు కాదు, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. "ఎనిమిది వందల యాభై అండీ." అక్కడ వాక్యం అయిపోవాలి. "చేతిపని కదండీ, టైమ్ పడుతుంది, తోలు కూడా రేటు పెరిగింది" అని తోక తగిలిస్తే, ధర ఎక్కువని మీరే ఒప్పుకున్నట్టు. రికార్డులో ఆ తోక ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టండి, రెండు రోజుల్లో పోతుంది.

"అమ్మో, అంతా?" అంటే గాయపడక్కర్లేదు, అది ఊతపదం. "అవునండీ. ఇదే తోలుతో ఈ పట్టీ ఉంది, చిన్నది" అని చెయ్యి చూపించండి. చవక వస్తువు ఒకటి స్టాల్లో ఉండాలనేది ఇందుకే. పట్టీ కొని వెళ్లిన మనిషి మీ తోలు రోజూ చేత్తో పట్టుకుంటాడు.

బేరానికి వస్తే, ధర తగ్గించకండి, పని కలపండి. "ధర ఇదేనండీ. పేరులో మొదటి అక్షరాలు అచ్చు వేసి ఇస్తాను." ఇది వెజ్ టాన్ తోలుకే కుదురుతుంది, క్రోమ్ తోలు (క్రోమియం ఉప్పుతో పదును చేసినది) మీద ముద్ర నిలవదు. తడి స్పాంజితో అక్షరాలు పడే మూల తుడిచి, తడి లోపలికి ఇంకి పైరంగు దాదాపు మామూలుకి వచ్చేదాకా ఆగండి. మరీ తడిగా కొడితే అక్షరం అంచులు మెత్తబడి చెదురుతాయి, ఆరిపోయాక కొడితే దిగదు. ఒకటే దెబ్బ, గట్టిగా. రెండో దెబ్బ కొడితే నీడ అక్షరం పడుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు అక్షరం తలకిందులుగా పడటం. ప్రతి ముద్ర పిడికీ ముందువైపు గోళ్లరంగు చుక్క పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. ముందు తరుగు ముక్క మీద కొట్టి చూపించి, సరేనన్నాకే పర్సు మీద కొట్టండి. డబ్బు తీసుకున్నాకే అచ్చు. పేరు పడ్డ సరుకు వెనక్కి వస్తే ఇంకెవరికీ పనికిరాదు. హాల్లో సుత్తి చప్పుడు ఒప్పుకుంటారో లేదో నిర్వాహకుల్ని ముందే అడగండి. కింద మందపాటి రబ్బరు పలక వేస్తే శబ్దం బాగా తగ్గుతుంది.

ఖాళీ సమయంలో ఫోన్ చూడకండి, కుట్టండి. చెక్క బిగింపులో తోలు పెట్టి, నిలబడి, రెండు సూదులూ రెండు వైపులా లాగుతుంటే జనం తమంతట తామే ఆగుతారు. తల మరీ వంచకుండా ఉండే ఎత్తులో బిగించుకోండి. ఎవరైనా దగ్గరకొస్తే రెండు సెకన్లలో వదిలేయగలిగే పని అయి ఉండాలి, కాబట్టి జిగురు, రంగు, కత్తి పనులు వద్దు. పక్క స్టాల్ వాళ్లతో "ఈసారి ఏమీ లేదండీ" అని వాపోకండి. పక్క నుంచి వెళ్తున్న కొనుగోలుదారు అది వింటారు, మీకన్నా ముందు వాళ్లే నమ్ముతారు.

కొత్తసూది:

అందరికీ ధన్యవాదాలు. ధర లెక్క చూశాక రాత్రి మళ్లీ వేసుకున్నాను, 450 నిజంగానే నా గంటని తినేస్తోంది. ఇంకో రెండు సందేహాలు. దుకాణం వాళ్లు వచ్చి "సరుకు పెట్టి వెళ్లండి, అమ్ముడయ్యాక డబ్బిస్తాం" అంటే ఏమనాలి? ఒకేసారి నాలుగైదు ఆర్డర్లు వస్తే ఒప్పుకోవాలా? ఒక్క మనిషిని, వారానికి నికరంగా 30 గంటలు కుట్టగలను.

లెక్కలపద్దు:

రెండో దాంతో మొదలుపెడతాను, మొదటిదానికి బలం అక్కడి నుంచే వస్తుంది.

గంటకొకటి చొప్పున వారానికి 30. అందులో పాడయ్యేవీ, మళ్లీ చేయాల్సినవీ తీసేస్తే 24 అనుకోండి. ఒక కాగితం మీద వచ్చే పది వారాలకి పది గళ్లు గీయండి, ఒక్కో గడిలో 24. షో తర్వాత మొదటి వారం తోలు తెప్పించడానికి వదిలేయండి. ఆర్డర్ రాగానే పెన్సిల్‌తో ఆ గళ్లు నింపండి. 48 పర్సుల ఆర్డర్ రెండు గళ్లు. తర్వాత వచ్చినవాళ్లకి ఖాళీగా ఉన్న గడి చూసి, దానికి ఒక వారం కలిపి తేదీ చెప్పండి. "ఎప్పటికి ఇస్తారు?" అని అడిగితే కాగితం చూసి తేదీ చెప్పే మనిషికీ, "చూసి చెబుతానండీ" అనే మనిషికీ ఎదుటివాళ్లు ఇచ్చే విలువలో తేడా ఉంటుంది. అయిదో ఆర్డర్ నాటికి తేదీ రెండు నెలల అవతల పడితే పడనీయండి. వద్దనుకుంటే వాళ్లే వద్దంటారు, మీరు ఒప్పుకుని తప్పడం కన్నా నయం.

సరుకు పెట్టి వెళ్లమనేవాళ్లకి: "మొదటి ఆర్డర్ కనీసం 12, సగం అడ్వాన్స్, మిగతా సగం పంపే ముందు. రెండో ఆర్డర్ నుంచి 6 తీసుకున్నా పంపుతాను." ఇంతే చెప్పండి. పెట్టి వెళ్లే పద్ధతిలో మీ తోలు, మీ కూలి వాళ్ల బల్ల మీద ఇరుక్కుంటాయి, రంగు ముదిరినా గీతలు పడ్డా నష్టం మీది. ఎప్పుడైనా ఒప్పుకోవాల్సి వస్తే పన్నెండుకి మించి ఇవ్వకండి. ఎన్ని ఇచ్చారు, ఎన్నాళ్లకి లెక్క చూస్తారు, పోయినా పాడైనా ఎవరు కడతారు అన్న మూడూ రాయించి సంతకం పెట్టించుకోండి. "మా ప్రాంతంలో ఇంకెవరికీ ఇవ్వకూడదు" అనేవాళ్లని "ఏడాదికి ఎన్ని తీసుకుంటారు?" అని అడగండి. అంకె లేని మాటకి అంకె లేని జవాబే.

ఒక పేజీ ధరల పట్టిక అచ్చు వేయించుకోండి: బొమ్మ, కోడ్, కొలత, తోలు రకం, రంగులు, టోకు ధర, కనీస సంఖ్య. టోకు ధరలు టేబుల్ మీద పరిచి పెట్టకండి, దుకాణం వాళ్లని తేల్చుకున్నాక ఇవ్వండి. 425 చూసిన మామూలు మనిషికి 850 మోసంలా కనిపిస్తుంది. మెడలోని బ్యాడ్జీ చదివితే చాలాసార్లు ఎవరో తెలిసిపోతుంది. ఆర్డర్ పుస్తకం కార్బన్ కాపీది పెట్టుకోండి, హాల్లో నెట్ ఆగినా పని ఆగదు. కార్డు మిషన్ కూడా నెట్ లేకుండా పనిచేస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

మొదటి రోజు దుకాణాల వాళ్లు చాలామంది ఆర్డర్ ఇవ్వరు. హాలంతా తిరిగి, రెండో రోజో మూడో రోజో వస్తారు. వాళ్లిచ్చిన కార్డు వెనక ఏ పర్సు పట్టుకున్నారో, ఏమడిగారో అక్కడికక్కడే రాసుకోండి, సాయంత్రానికి మొహాలన్నీ ఒకటైపోతాయి. షో అయిన మూడు రోజుల్లోపు ఆ పర్సు ఫొటోతో రెండు వాక్యాలు పంపండి.

ఇత్తడిగుండీ:

ఒకటి కలుపుతాను. చివరి రెండు గంటల్లో "మోసుకెళ్లలేక" ధర సగం చేయకండి. ఉదయం ఆర్డర్ రాయించిన దుకాణం వాళ్లు హాల్లోనే ఉంటారు. తాము కొన్న ధరకే జనానికి ఇస్తుండటం చూస్తే ఆర్డర్ రద్దవుతుంది. పర్సు బరువెంత, మోసుకెళ్లండి.

సాన:

నిర్వాహకులు పంపే నియమాల పుస్తకం మొత్తం చదవండి, విసుగైనా సరే. ముఖ్యంగా చూడాల్సినవి: చిల్లరగా అమ్మి అక్కడికక్కడే సరుకు చేతికివ్వచ్చా (కొన్ని షోల్లో ఆర్డర్లే తీసుకోవాలి, అప్పుడు పైన వేసిన గంటకొకటి లెక్కంతా మారిపోతుంది), ప్లగ్ ఎన్ని వాట్లదాకా తట్టుకుంటుంది, గోడకి మేకు కొట్టచ్చా, గుడ్డలకి మంట అంటుకోని పూత ఉన్నట్టు కాగితం అడుగుతారా. మేకు వద్దంటే గోడ పైఅంచుకి తగిలించే ఎస్ కొక్కేలు, కేబుల్ టైలు తీసుకెళ్లండి. ఎక్స్‌టెన్షన్ వైరు 5 మీటర్లది, అది నేల మీద పోయినంత మేరా టేపు అంటించండి.

షోకి వారం ముందు ఇంట్లో నేల మీద 3 × 3 టేపు గీసి, స్టాల్ మొత్తం పెట్టి, మళ్లీ విప్పి పెట్టెల్లో సర్దండి, గడియారం పెట్టుకుని. రెండు గంటలు దాటితే ఏదో ఒకటి తీసేయండి. విప్పేటప్పుడు ప్రతి పెట్టె మూత మీదా లోపల ఏముందో, ఎన్నో విప్పాల్సిన పెట్టో అంకె రాయండి. లైట్లు ఉన్న పెట్టె ఒకటో నంబరు, ఎందుకంటే టేబుల్ వేశాక గోడ పైకి చెయ్యి అందదు.

కొత్తసూది:

ఈ ఆదివారం టేపు గీస్తాను. దిమ్మెలకి వడ్రంగికి చెప్పేశాను. టేబుల్ కాలు గుండ్రం, 3.2 సెంటీమీటర్లు. గుంట ఎంత వెడల్పు పెట్టమనాలి?

సాన:

3.5 పెట్టమనండి. దిమ్మె 10 × 10 సెంటీమీటర్లకి తగ్గకూడదు. కాలి చివర రబ్బరు తొడుగు ఉంటే తీయకుండా, దానితో సహా కొలవండి.